చిన్న హాళ్ల నుంచి వచ్చి పెద్ద రింగును మార్చిన ఇండీ రెజ్లర్లు

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలోని బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ‘సూపర్‌స్టార్ స్పెక్టాకిల్’ జరిగింది. పోస్టర్ మీద పెద్ద పేరు జాన్ సీనాది. అతనికి జోడీగా దిగింది సెత్ రోలిన్స్. అదే రాత్రి కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ కలిసి ఇండస్ షేర్ జట్టుతో తలపడ్డారు. గుంథర్ షాంకీని ఓడించాడు. రోలిన్స్, ఓవెన్స్, జేన్, గుంథర్: ఈ నలుగురిలో ఒక్కరు కూడా డబ్ల్యూడబ్ల్యూఈలో ఓనమాలు దిద్దినవారు కారు. రోలిన్స్ అంతకుముందు టైలర్ బ్లాక్ పేరుతో రింగ్ ఆఫ్ ఆనర్ అనే చిన్న కంపెనీలో చాంపియన్. ఓవెన్స్ కెనడాలోని క్యూబెక్ హాళ్లలో కెవిన్ స్టీన్‌గా ఎదిగాడు. జేన్ ఏళ్ల తరబడి ముసుగు తొడుక్కుని ఎల్ జెనెరికోగా మ్యాచ్‌లు ఆడాడు. గుంథర్‌ని జర్మనీ, ఇంగ్లండ్ అభిమానులు వాల్టర్‌గానే ఎరుగుదురు.

అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇలాంటి కార్డు ఊహకు కూడా అందేది కాదు. అప్పట్లో మంచి ఎత్తు, బరువు, కండలు తిరిగిన ఒళ్లు ఉన్నవాళ్లకే ఎక్కువగా పై వరుసలో చోటు. స్వతంత్ర ప్రమోషన్లలో, అంటే అభిమానులు ‘ఇండీ’ అని పిలిచే చిన్న కంపెనీలలో, పేరు తెచ్చుకోవడం అర్హత కిందకు వచ్చేది కాదు. పైగా అక్కడ నేర్చుకున్నవన్నీ మరిచిపోయి కొత్తగా మొదలుపెట్టమనేవారు.

రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే ఖాయమవుతాయన్నది అందరికీ తెలిసిందే. కాబట్టి ఇక్కడ అసలు అధికారం రింగులో ఉన్నవాడి చేతిలో ఉండదు. ఎవరిని గెలిపించాలో, ఎవరిని పైకి తేవాలో నిర్ణయించే బుకర్ చేతిలో ఉంటుంది. ఇండీ స్టార్లు వచ్చాక మ్యాచ్‌ల నాణ్యత పెరిగిందని చాలామంది అంటారు. నిజమే, కానీ అది సగం మాటే. వాళ్లు కదిలించింది ఆ నిర్ణయాధికారాన్ని. అంతవరకూ కంపెనీ ఒక స్టార్‌ని తయారుచేసి జనం ముందు నిలబెట్టేది. వీళ్లు మాత్రం వస్తూ వస్తూ తమ జనాన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ జనం తమవాడికి అన్యాయం జరిగిందనుకుంటే లైవ్ షోనే అడ్డుకోగలరని తేలింది.

టేపుల వ్యాపారం నుంచి పుట్టిన కంపెనీ

2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) తన ప్రధాన పోటీదారు డబ్ల్యూసీడబ్ల్యూని కొనేసింది. మరుసటి నెలలోనే మరో పోటీ కంపెనీ ఈసీడబ్ల్యూ దివాలా పిటిషన్ వేసింది. అమెరికాలో జాతీయ స్థాయిలో ఒకే ఒక్క పెద్ద కంపెనీ మిగిలింది. ఫిలడెల్ఫియా ప్రాంతంలో రెజ్లింగ్ టేపులు అమ్ముకునే ఆర్ఎఫ్ వీడియో అనే సంస్థకు అప్పటిదాకా బాగా ఆడిన సరుకు ఈసీడబ్ల్యూ టేపులే. అవి ఆగిపోయేసరికి అమ్ముకోవడానికి కొత్తది కావాల్సి వచ్చింది. అలా సొంతంగా షోలు పెట్టి, చిత్రీకరించి, అమ్మాలన్న ఆలోచనతో రింగ్ ఆఫ్ ఆనర్ మొదలైంది. మొదటి షో 2002 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని మర్ఫీ రిక్రియేషన్ సెంటర్‌లో జరిగింది. ప్రధాన మ్యాచ్‌లో లో కీ, క్రిస్టఫర్ డేనియల్స్, బ్రయన్ డేనియల్సన్ ముగ్గురూ తలపడ్డారు.

ఈ పుట్టుక వివరం చిన్నదిగా కనిపించినా, తర్వాత జరిగిన చాలావాటికి మూలం ఇదే. టీవీ కంపెనీకి రాబడి ప్రకటనల నుంచి, చానల్ చెల్లించే హక్కుల సొమ్ము నుంచి వస్తుంది. అందుకే దానికి ప్రేక్షకుడు చానల్ మార్చకుండా చూడటం ముఖ్యం. ఐదారు నిమిషాల మ్యాచ్, పది నిమిషాల మాటలు, మధ్యలో ప్రకటనలు. డీవీడీ అమ్మే కంపెనీ లెక్క వేరు. టీవీలో దొరకనిది ఇస్తేనే ఎవరైనా డబ్బు పెట్టి డిస్క్ కొంటారు. టీవీలో దొరకనిదల్లా అరగంట, గంట సాగే మ్యాచే. సమోవా జో, సీఎం పంక్ 2004లో రెండుసార్లు 60 నిమిషాల డ్రా ఆడారు: జూన్‌లో డేటన్‌లో ఒకటి, అక్టోబర్‌లో షికాగో శివారులో ఒకటి. డిసెంబర్‌లో జరిగిన మూడో మ్యాచ్‌లో జో గెలిచాడు. ఈ మూడు మ్యాచ్‌ల డీవీడీలు చేతులు మారుతూ తిరగడంతోనే పంక్ పేరు షికాగో దాటింది.

ఖర్చుల లెక్క కూడా ఆట తీరును నిర్ణయించింది. హాలు అద్దె, రింగును ట్రక్కులో తెచ్చి బిగించే ఖర్చు, కొన్ని రాష్ట్రాల్లో అథ్లెటిక్ కమిషన్ లైసెన్సు, బీమా, కెమెరాలు, అన్నిటికంటే బరువుగా దూరం నుంచి వచ్చే రెజ్లర్ల విమాన టికెట్లు. అందుకే శుక్రవారం ఒక ఊళ్లో, శనివారం దగ్గర్లోని మరో ఊళ్లో షో పెట్టేవారు. ఒకే విమాన ఖర్చుతో రెండు షోలు, రెండు డీవీడీలు. రెజ్లర్‌కి ముట్టే పారితోషికం తక్కువ. దానికి తోడు హాలు బయట బల్ల వేసుకుని టీషర్టులు, సంతకం చేసిన ఫొటోలు తానే అమ్ముకునేవాడు. ఆ బల్లనే వాళ్లు ‘గిమ్మిక్ టేబుల్’ అంటారు. 20, 25 డాలర్ల టీషర్టు కొన్న ప్రతి అభిమాని ముఖం అతనికి గుర్తుండేది. ఏ మాటకు జనం నవ్వారు, ఏ పట్టుకు లేచి నిలబడ్డారు అన్నది ఆ రాత్రే బల్ల దగ్గర తేలిపోయేది. ఏ శిక్షణ కేంద్రమూ నేర్పలేని చదువు అది.

రింగులో ఏం మారింది

డబ్ల్యూడబ్ల్యూఈ రింగు 20 అడుగుల చదరం. ఇండీ షోలలో 16, 18 అడుగుల రింగులు ఎక్కువ. తాళ్ల మధ్య పరిగెత్తేటప్పుడు అడుగులు లెక్కపెట్టుకునే రెజ్లర్‌కి ఈ తేడా చిన్నది కాదు. కానీ అంతకంటే పెద్ద సర్దుబాటు కెమెరాతో. చిన్న హాల్లో నాలుగు వైపులా జనం ఉంటారు, అందరికీ కనిపించేలా తిరగాలి. టీవీలో ఒక పక్క స్థిరంగా ఉండే ‘హార్డ్ కెమెరా’ వైపే ముఖం పెట్టాలి. పట్టు బిగించినప్పుడు బాధపడే వాడి ముఖం అటే ఉండాలి. రిఫరీ చెవిలోని ఇయర్‌పీస్ ద్వారా సమయం అందుతుంది. ప్రకటనలకు వెళ్లే ముందు ఒకడు రింగు బయట పడి ఉండాలి, తిరిగొచ్చేసరికి హీల్, అంటే ప్రతినాయకుడు, పైచేయిలో ఉండాలి. ముగించమన్న సూచన రాగానే మిగిలినవి వదిలేసి ముగింపులోకి వెళ్లిపోవాలి. ఇండీ నుంచి వచ్చిన వాళ్లలో చాలామంది మొదట తడబడింది ఇక్కడే. గంటసేపు అలవోకగా ఆడగలిగినవాడు ఆరు నిమిషాల్లో కథ చెప్పలేక ఇబ్బందిపడ్డాడు.

అదే సమయంలో వాళ్లు తెచ్చినవీ ఉన్నాయి. జపాన్ పద్ధతి గట్టి దెబ్బలు, మెక్సికో లూచా లిబ్రె ఎగురుడు, బ్రిటిష్ పద్ధతి కీళ్ల పట్లు కలిపి ఒకే మ్యాచ్‌లో వాడటం వాటిలో ముఖ్యం. డేనియల్సన్ ప్రత్యర్థి చేతి మీద మొదటి ఐదు నిమిషాల్లో పని మొదలుపెడితే, ఇరవయ్యో నిమిషంలో వేసే సబ్‌మిషన్ పట్టుకి, అంటే ఓటమి ఒప్పించే పట్టుకి, ఆ చేతే కారణమవుతుంది. చూసేవాడు శ్రద్ధగా చూస్తే ఫలితం దక్కుతుంది. ఈ తర్కం టీవీ ప్రధాన మ్యాచ్‌లకు నెమ్మదిగా పాకింది.

దోషాలూ వచ్చాయి. మూడు లెక్కపెట్టేలోపు ఆఖరి క్షణంలో భుజం ఎత్తే ‘నియర్ ఫాల్’ ఒక మ్యాచ్‌లో రెండు మూడుసార్లు వస్తే ఊపిరి బిగబట్టి చూస్తారు. ప్రతి మ్యాచ్‌లో పదేసి వస్తే ఏ ఫినిషర్‌కీ, అంటే మ్యాచ్ ముగించే దెబ్బకీ, విలువ ఉండదు. 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో కెన్నీ ఒమేగా, ఒకాడా 46 నిమిషాల 45 సెకన్లు ఆడిన మ్యాచ్ ఆ పద్ధతికి శిఖరం. దాన్ని చూసి వారంవారం టీవీలో అదే చేయబోయినవాళ్లు దాని పైపూతను మాత్రమే పట్టుకున్నారు. ఆ మ్యాచ్‌లో ఒకాడా ‘రెయిన్‌మేకర్’ దెబ్బకి బరువు వచ్చింది దాని వెనక ఏళ్లుగా పేర్చిన గెలుపుల వల్ల. ఆ పునాది లేకుండా కట్టిన అంతస్తులు నిలవవు.

పంక్ తలుపు తీశాడు, బ్రయన్‌ని జనం లోపలికి తెచ్చారు

సీఎం పంక్ 2005లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరాడు. పేరు మార్చుకోకుండా నెగ్గుకొచ్చిన అతికొద్ది మందిలో ఒకడు. 2011 జూన్ 27న లాస్ వేగస్‌లో, డబ్ల్యూడబ్ల్యూఈ వారపు టీవీ షో ‘రా’ చివర, వేదిక మీద కూర్చుని చేసిన ప్రసంగం అభిమానుల నోళ్లలో ‘పైప్ బాంబ్’గా నిలిచిపోయింది. అందులో కంపెనీ తీరును విమర్శించడం కంటే ముఖ్యమైనది మరొకటుంది. బెల్టు గెలిచి, దాన్ని తీసుకుని జపాన్ కంపెనీ న్యూ జపాన్‌కో, రింగ్ ఆఫ్ ఆనర్‌కో వెళ్తానన్నాడు. డబ్ల్యూడబ్ల్యూఈ తెర మీద మరో కంపెనీ పేరు, అందులోనూ ఒక చిన్న కంపెనీ పేరు, వెళ్లదగిన చోటుగా వినిపించడం అప్పటికి చాలా అరుదు. మూడు వారాలకు జులై 17న షికాగో శివారు రోజ్‌మాంట్‌లో సీనాని ఓడించాడు. ఆ రాత్రి హాలంతా పంక్ పక్షమే. ఆ ఏడాది నవంబర్‌లో మొదలైన అతని చాంపియన్‌షిప్ 434 రోజులు సాగింది.

బ్రయన్ డేనియల్సన్ కథ ఇంకా లోతైనది. 2000-01 ప్రాంతంలోనే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ శిక్షణ ఒప్పందం అతనికి దక్కింది, పోయింది కూడా. తర్వాత రింగ్ ఆఫ్ ఆనర్‌లో 2005 సెప్టెంబర్ నుంచి 2006 డిసెంబర్ దాకా చాంపియన్. 2010లో డేనియల్ బ్రయన్ పేరుతో, కొత్తవాళ్ల కోసం పెట్టిన ఎన్‌ఎక్స్‌టీ షో మొదటి సీజన్‌లో కనిపించినప్పుడు, అనుభవం లేని కొత్తవాడిగా చూపించి మిజ్‌ని గురువుగా పెట్టారు. జూన్‌లో ఆ షో కొత్తవాళ్ల ముఠా ‘నెక్సస్’ చేసిన దాడి దృశ్యంలో రింగ్ అనౌన్సర్ మెడకు టై బిగించినందుకు ఉద్యోగం తీసేశారు. ఆ వేసవంతా ఇండీ షోలు చేసుకున్నాడు. హాళ్లలో అతని పేరు మోగుతుండగా ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌కు వెనక్కి పిలిచారు.

2012 ఏప్రిల్ 1న మయామీలో, ఏటా జరిగే అతిపెద్ద షో రెసల్‌మేనియా 28 మొదటి మ్యాచ్‌లో షేమస్ అతన్ని 18 సెకన్లలో ఓడించాడు. కంపెనీ లెక్కలో అది ఒక చిన్న షాక్ ఘట్టం. మర్నాటి రా షోలో అదే ఊళ్లో జనం షో పొడవునా ‘యెస్! యెస్!’ అని అరిచారు. బుకర్ ఒకటి తలిస్తే హాలు మరొకటి తలచింది. అక్కడి నుంచి ఆ నినాదం ఊరూరా పాకింది. 2013 ఆగస్టులో సీనా మీద గెలిచినా, అదే రాత్రి రాండీ ఆర్టన్ బెల్టు ఎగరేసుకుపోయేలా కథ నడిపారు. 2014 జనవరి 26న పిట్స్‌బర్గ్‌లో, ముప్పై మంది ఒక్కొక్కరుగా దిగే రాయల్ రంబుల్ మ్యాచ్‌లో బ్రయన్ పేరే లేదు. 30వ నంబర్‌గా అందరికీ ఇష్టుడైన రే మిస్టీరియో వస్తే, బ్రయన్ రాలేదన్న కోపంతో జనం అతన్నీ ఎగతాళిగా అరిచి తిప్పికొట్టారు. హీరోగా తిరిగొచ్చి గెలిచిన బటిస్టాకీ అదే సత్కారం. మర్నాడు పంక్ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. రెసల్‌మేనియా 30 కథ తిరగరాశారు. ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో బ్రయన్ మొదట ట్రిపుల్ హెచ్‌ని, చివర ఆర్టన్, బటిస్టాలున్న ముక్కోణపు మ్యాచ్‌ని గెలిచి చాంపియన్ అయ్యాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ప్రేక్షకులు ఒకరిని ఇష్టపడటం, మరొకరిని తిట్టడం రెజ్లింగ్‌లో ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా జరిగిందేమిటంటే, బ్రయన్‌ని పదేళ్లుగా డీవీడీల్లో చూసినవాళ్లు ప్రతి ఊరి హాల్లోనూ కొంతమంది ఉన్నారు. నినాదం ఎత్తుకునేది వాళ్లు, అందుకునేది మిగతా హాలు. ఇతను ఏపాటివాడో టీవీ చెప్పకముందే వాళ్లకు తెలుసు. టీవీ తక్కువ చేసి చూపిస్తే నమ్మేవాళ్లు కాదు.

ఎన్‌ఎక్స్‌టీ: ఇండీ పద్ధతిని కంపెనీయే నడపడం

2013 జులైలో ఓర్లాండోలో ఏడు రింగులతో పెర్‌ఫార్మెన్స్ సెంటర్ మొదలైంది. ట్రిపుల్ హెచ్ చేతిలో ఉన్న ఎన్‌ఎక్స్‌టీ పేరుకు శిక్షణ బ్రాండ్. 2014 ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్ అనే స్ట్రీమింగ్ సేవ వచ్చాక దాని స్వరూపం మారింది. చందా కట్టే ప్రేక్షకుడికి ప్రత్యేకమైనదేదో ఇవ్వాలి. అంటే డీవీడీ కంపెనీ లెక్కే మళ్లీ వచ్చింది. ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో కొన్ని వందల మంది మధ్య, పొడవైన మ్యాచ్‌లు, తక్కువ మాటలు.

2014 డిసెంబర్ 11న జరిగిన ఎన్‌ఎక్స్‌టీ పెద్ద షో ‘టేకోవర్’ని దగ్గరగా చూస్తే ఆ పద్ధతి అర్థమవుతుంది. కార్యక్రమం మొదట్లో కెవిన్ ఓవెన్స్ తొలి మ్యాచ్ ఆడాడు. చివర్లో సామీ జేన్ నెవిల్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు. పాత స్నేహితుడు ఓవెన్స్ వచ్చి కౌగిలించుకున్నాడు. వెళ్లిపోతున్నట్టే వెళ్తూ, జేన్‌ని పైకెత్తి రింగు అంచు మీద వీపు తగిలేలా పడేశాడు. ఈ పట్టునే పవర్‌బాంబ్ అంటారు. రింగు మధ్యభాగంలో ఉక్కు చట్రం మీద పలకలు పరిచి, పైన పలుచటి ఫోమ్, కాన్వాస్ వేస్తారు. పడ్డప్పుడు పలక కాస్త వంగి దెబ్బని మింగుతుంది. అంచున కింద నేరుగా ఉక్కు చట్రమే, వంగడానికి చోటు లేదు. రింగులో అన్నిటికంటే గట్టి భాగం అదే. స్టీన్, జెనెరికోల పదేళ్ల వైరం తెలిసిన అభిమానికి ఆ ఒక్క పవర్‌బాంబ్‌లో పాత కథంతా కనిపించింది. తెలియనివాడికి ఒక ద్రోహం కనిపించింది. ఇద్దరికీ పనిచేసే ఇలాంటి రాత ప్రధాన స్రవంతిలో అంతకుముందు అరుదు. ఇదే జంట 2023 ఏప్రిల్ 1న రెసల్‌మేనియా 39 మొదటి రాత్రి చివరి మ్యాచ్‌లో ఉసో సోదరుల నుంచి ట్యాగ్ (జోడీ) టైటిళ్లు గెలిచింది.

అలాగని అంతా యథాతథంగా తెచ్చుకోనివ్వలేదు. స్టీన్ ఇండీలో వాడిన ప్యాకేజ్ పైల్‌డ్రైవర్, తల నేలకు దిగే ప్రమాదం వల్ల, డబ్ల్యూడబ్ల్యూఈలో మొదట్లో కుదరలేదు. దాని స్థానంలో ప్రత్యర్థిని గాల్లోకి విసిరి అందుకునే పాప్-అప్ పవర్‌బాంబ్ వచ్చింది. 2015 మే 31న మొదటి పే-పర్-వ్యూ (విడిగా డబ్బు కట్టి చూసే పెద్ద షో) మ్యాచ్‌లోనే దానితో సీనాని పిన్ చేసి ఓడించాడు. అదే నెలలో సమోవా జో సొంత పేరుతో ఎన్‌ఎక్స్‌టీకి వచ్చాడు. 2016 జనవరి 24న రాయల్ రంబుల్‌లో మూడో నంబర్‌గా ఏజే స్టైల్స్ అడుగుపెడితే, డబ్ల్యూడబ్ల్యూఈ తెర మీద పరిచయమే అక్కర్లేకుండా ఓర్లాండో హాలు లేచి నిలబడింది.

మహిళల విభాగంలో మార్పు ఇంకా లోతుగా జరిగింది. 2012లో శిక్షకురాలిగా తీసుకున్న సారా డెల్ రే, షిమ్మర్ లాంటి మహిళా ఇండీ ప్రమోషన్లలో పేరు మోసిన రెజ్లర్. బోస్టన్ ప్రాంతపు చిన్న షోల నుంచి సాషా బ్యాంక్స్, కాలిఫోర్నియా ఇండీ నుంచి బేలీ, ఐర్లండ్‌లో ఫిన్ బాలర్ నడిపిన స్కూలు నుంచి బెకీ లించ్ వచ్చారు. మూడు నిమిషాల మ్యాచ్‌లకే పరిమితమైన చోట, 2015 అక్టోబర్‌లో బేలీ, సాషా 30 నిమిషాల ఐరన్ మ్యాన్ మ్యాచ్‌తో (గడువులోపు ఎక్కువసార్లు గెలిచినవారిదే విజయం) టేకోవర్‌ని ముగించారు. 2019లో రెసల్‌మేనియా చివరి మ్యాచ్ మహిళలదైంది. ఇండీ ప్రభావంలో అన్నిటికంటే నిస్సందేహంగా మంచి ఫలితం ఇదేనని చెప్పవచ్చు.

ఒంటి మీద పడిన భారం

వెన్ను మీద పడే ‘బంప్’ సరిగ్గా పడాలంటే గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు పక్కలకు చాపి అరచేతులతో నేల చరచాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి తగలాలి. వెనక్కి చూడకుండా విసిరేసినప్పుడు, దూరం తప్పినప్పుడు, మెడే మొదట తగిలేటప్పుడు ఈ సూత్రాలేవీ కాపాడవు. ఇండీ పట్లలో ఇలాంటివి ఎక్కువ. 2015 జూన్‌లో టీవీలో రాని ఒక మ్యాచ్‌లో సమోవా జో వేసిన మజిల్ బస్టర్ అనే పట్టు వల్ల టైసన్ కిడ్ మెడ దెబ్బతిని కెరీర్ ముగిసింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో రోలిన్స్ విసిరిన బకిల్ బాంబ్, అంటే మూల పోస్టు మెత్తల మీదకు వేసే పవర్‌బాంబ్, స్టింగ్ మెడకు గాయం చేసింది. 2016 ఆగస్టులో బారికేడ్ మీదకు వేసిన పవర్‌బాంబ్‌తో బాలర్ భుజం దెబ్బతింది. యూనివర్సల్ టైటిల్ గెలిచిన మర్నాడే వదులుకోవాల్సి వచ్చింది. తలకు పదేపదే తగిలిన దెబ్బల కారణంగా బ్రయన్ 2016 ఫిబ్రవరిలో రిటైర్ అయ్యి, 2018లో గానీ తిరిగి రాలేదు.

వీటిని ఇండీ రెజ్లర్ల నిర్లక్ష్యంగా చూపడం అన్యాయం. వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లు ఆడే షెడ్యూలుకు తగిన పట్లను, వారానికి నాలుగేసి రాత్రులు ఆడే షెడ్యూలులోకి తెచ్చారు. ఎదుటివాడికి ఆ పట్టులో ఎలా పడాలో అలవాటు లేదు. ప్రమాదం పట్టులో కంటే ఆ పొంతన లేకపోవడంలోనే ఎక్కువగా ఉంది.

పేరు ఎవరిది, టీషర్టు డబ్బు ఎవరిది

డబ్ల్యూడబ్ల్యూఈ కొత్తవాళ్ల పేర్లు మార్చడానికి కారణం ట్రేడ్‌మార్క్. ‘సెత్ రోలిన్స్’ పేరు కంపెనీది. బొమ్మలు, ఆటలు, టీషర్టులు ఆ పేరు మీదే అమ్ముడవుతాయి. బయటికి పోతే పేరు వెంట రాదు, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. రెజ్లర్‌ని కట్టిపడేసే అసలు తాడు జీతం కాదు, ఇదే.

మ్యాట్, నిక్ జాక్సన్ అన్నదమ్ములు, అంటే యంగ్ బక్స్, ఆ తాడును తప్పించుకున్న పద్ధతి గమనించదగ్గది. పేరు, లోగో, చొక్కా డిజైన్ అన్నీ తమ దగ్గరే ఉంచుకున్నారు. షికాగోలోని ప్రో రెజ్లింగ్ టీస్ వంటి సంస్థ ఆర్డరు వచ్చాక అచ్చు వేసి పంపుతుంది కాబట్టి ముందుగా సరుకు కొని పెట్టుకోవాల్సిన పని లేదు. 2016లో మొదలుపెట్టిన యూట్యూబ్ కార్యక్రమంతో సొంత కథ సొంతంగా చెప్పుకున్నారు. 2017 నాటికి వాళ్ల టీషర్టులు అమెరికాలో ఊరూరా ఉండే హాట్ టాపిక్ దుకాణాలకు చేరాయి. డబ్ల్యూడబ్ల్యూఈ పిలుపును కాదనగలిగే స్థోమత అలా వచ్చింది.

కోడీ రోడ్స్ ఎదురు దారిలో నడిచాడు. 2016 మేలో డబ్ల్యూడబ్ల్యూఈ వదిలి ఇండీలకు వెళ్లాడు. ఇంటిపేరు హక్కు కంపెనీ దగ్గరే ఉండటంతో చాలాకాలం ‘కోడీ’ అని మాత్రమే వేయించుకున్నాడు. రింగ్ ఆఫ్ ఆనర్ పదివేల టికెట్లు అమ్మగలదా అన్న ప్రశ్నకు ఇప్పట్లో కాదని విలేఖరి డేవ్ మెల్ట్‌జర్ 2017లో జవాబిస్తే, కోడీ ఆ పందెం కాశాడు. బక్స్‌తో కలిసి 2018 సెప్టెంబర్ 1న షికాగో శివారు హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో ‘ఆల్ ఇన్’ పెట్టాడు. టికెట్లు అరగంటలో అయిపోయాయి. 11,263 మంది వచ్చారు. డబ్ల్యూడబ్ల్యూఈ, డబ్ల్యూసీడబ్ల్యూలవి కాని షోకి అమెరికాలో 1993 తర్వాత పదివేలు దాటడం అదే మొదలు. అయితే షో సమయం అదుపు తప్పింది. చివరి ఆరుగురి మ్యాచ్‌ని పే-పర్-వ్యూ గడువులోపు ముగించడానికి హడావుడిగా సుమారు పన్నెండు నిమిషాలకు కుదించారు. టీవీ గడియారం ఎందుకు అవసరమో వాళ్లకి అర్థమైన రాత్రి అది.

2019 జనవరి 1న టోనీ ఖాన్ పెట్టుబడితో ఏఈడబ్ల్యూ అనే కొత్త కంపెనీ ప్రకటన వచ్చింది. అక్టోబర్ 2న టీఎన్‌టీ చానల్‌లో దాని వారపు షో ‘డైనమైట్’ మొదలైంది. దానికి రెండు వారాల ముందే ఎన్‌ఎక్స్‌టీని డబ్ల్యూడబ్ల్యూఈ అదే బుధవారం రాత్రికి యూఎస్‌ఏ నెట్‌వర్క్ చానల్‌లోకి తెచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఎన్‌ఎక్స్‌టీ మంగళవారానికి తప్పుకుంది. ఈ పోటీలో రెజ్లర్లకు బేరమాడే బలం వచ్చింది. ఎదురుగా చెక్కు రాయగల రెండో కంపెనీ ఉందన్నది 2001 తర్వాత మొదటిసారి నిజమైంది. ఆ బలం ఏపాటిదో 2022 ఏప్రిల్ 2న రెసల్‌మేనియా 38లో కనిపించింది. కోడీ తిరిగొచ్చాడు: ఇండీలో, ఏఈడబ్ల్యూలో వాడిన బిరుదుతో, అదే ప్రవేశ గీతంతో, అదే దుస్తులతో. కంపెనీ ఒక్కటీ మార్చలేదు. 2024 ఏప్రిల్ 7న రోమన్ రెయిన్స్‌ని ఓడించి చాంపియన్ అయ్యాడు.

ఇదంతా ఇండీ స్టార్లే ప్రధాన స్రవంతిని నడిపించారన్న అర్థంలో తీసుకోకూడదు. 2010ల పొడవునా రా టీవీ వీక్షణలు తగ్గుతూనే వచ్చాయి. మంచి మ్యాచ్‌లు వాటిని ఆపలేకపోయాయి. 2020ల అతిపెద్ద స్టార్ రెయిన్స్ ఫుట్‌బాల్ నుంచి నేరుగా డబ్ల్యూడబ్ల్యూఈ శిక్షణకు వచ్చినవాడు. కానీ 2012 నవంబర్‌లో షీల్డ్ జట్టుగా వచ్చినప్పుడు అతని రెండు పక్కలా నిలబడింది రోలిన్స్, డీన్ ఆంబ్రోస్. ఇద్దరూ ఇండీ నుంచి వచ్చినవాళ్లే, పొడవాటి మ్యాచ్‌ల భారం మోసింది ఎక్కువగా వాళ్లే. పదేళ్ల తర్వాత రెయిన్స్ ‘బ్లడ్‌లైన్’ జట్టు కథకు ప్రాణం పోసింది సామీ జేన్.

కింది వరుస ఖాళీ అయినప్పుడు

ఈ మార్పుకు మూల్యం చెల్లించింది ఇండీలే. 2017 జనవరిలో బ్లాక్‌పూల్‌లో యూకే టోర్నమెంట్ పెట్టిన డబ్ల్యూడబ్ల్యూఈ, బ్రిటన్‌లో జోరు మీదున్న రెజ్లర్లను ఒప్పందాల కిందకు తెచ్చుకుంది. స్థానిక ప్రమోషన్లకు ప్రధాన మ్యాచ్ వేయాలంటే ఆ కంపెనీ అనుమతే దిక్కయ్యింది. 2022లో ఎన్‌ఎక్స్‌టీ యూకే మూతపడేసరికి, కింద ఎదగాల్సిన తరం చెదిరిపోయింది. అమెరికాలో ఇవాల్వ్ ప్రమోషన్‌ని 2020లో డబ్ల్యూడబ్ల్యూఈ కొనేసింది. రెజ్లర్లందరినీ ఒప్పందాల నుంచి విడుదల చేస్తున్నట్టు రింగ్ ఆఫ్ ఆనర్ 2021 అక్టోబర్‌లో ప్రకటించి, డిసెంబర్ షో తర్వాత ఆగిపోయింది. 2022 మార్చిలో దాన్ని టోనీ ఖాన్ కొన్నాడు.

రెజ్లర్ల పరిస్థితీ పైకి కనిపించినంత గట్టిగా లేదు. పోటీ భయంతో 2019లో డబ్ల్యూడబ్ల్యూఈ ఐదేళ్ల ఒప్పందాలు ఇచ్చింది. గాలోస్, ఆండర్సన్ జోడీ అలాంటి ఒప్పందం మీద సంతకం చేసి ఏడాది తిరక్కుండానే, 2020 ఏప్రిల్‌లో ఉద్యోగాలు పోగొట్టుకుంది. ఎందుకంటే ఆ ఒప్పందాన్ని రెజ్లర్ మధ్యలో తెంచుకోలేడు గానీ, కంపెనీ 90 రోజుల నోటీసుతో ముగించగలదు. సంతకం చేసే ముందు చూడాల్సింది అంకెను కాదు, ఆ షరతును.

2021 ఆగస్టు తొలగింపుల తర్వాత ఎన్‌ఎక్స్‌టీ ‘2.0’గా మారి, ఇండీ రెజ్లర్లను పక్కనపెట్టి కాలేజీ క్రీడాకారుల వైపు తిరిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో విద్యార్థి అథ్లెట్లతో ‘నెక్స్ట్ ఇన్ లైన్’ ఒప్పందాలు మొదలయ్యాయి. ఈ దారిలో వచ్చినవాళ్లకు ఒంటి బలం, చురుకు పుష్కలం. కొరవడేది జనం ముందు గడిపిన రాత్రులు. పెర్‌ఫార్మెన్స్ సెంటర్‌లో రోజుకు వంద బంపులు పడొచ్చు. తనని చూడ్డానికి రాని నూట యాభై మందిని తనవైపు తిప్పుకోవడం అక్కడ సాధన చేయడానికి కుదరదు.

2024 నవంబర్‌లో ప్రకటించిన ‘డబ్ల్యూడబ్ల్యూఈ ఐడీ’ పథకం ఆ లోటును ఒప్పుకున్నట్టే ఉంది. ఎంపికైన రెజ్లర్లు కంపెనీ అండతోనే బయట ఇండీ షోలు ఆడతారు. గుర్తింపు పొందిన స్కూళ్లలో అయోవాలో రోలిన్స్ భాగస్వామిగా నడిచే బ్లాక్ అండ్ బ్రేవ్ అకాడమీ, కోడీ పేరుతో ముడిపడిన నైట్‌మేర్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఇవాల్వ్ పేరు కూడా 2025 మార్చిలో ట్యూబీ అనే స్ట్రీమింగ్ సేవలో డబ్ల్యూడబ్ల్యూఈ సొంత షోగా తిరిగొచ్చింది. ఈ ఏర్పాటులో తేలాల్సిన అసలు సంగతి ఒకటే. ఐడీ రెజ్లర్ గిమ్మిక్ టేబుల్ మీద అమ్మే టీషర్టు మీది పేరు పదేళ్ల తర్వాత కూడా అతనిదిగానే ఉంటే, 2002 తరం సంపాదించుకున్న బేరసారాల బలం కొత్తవాళ్లకూ దక్కుతుంది. మొదటి సంతకంతోనే ఆ పేరు కంపెనీ ఖాతాలోకి వెళ్లిపోతే, ఇండీ హాళ్లు శిక్షణ కేంద్రానికి అనుబంధ శాఖలుగా మాత్రమే మిగులుతాయి.